తొట్టెడు సముద్రం

మా ఇంటికి ఎవరొచ్చినా చెప్పులు విడవకముందే ఆ గాజు తొట్టి మీద వేలితో టకటకా కొట్టేవాళ్ళు. "చేపలేవి?" అనేవాళ్ళు. చేపలు లేవు మహాప్రభో, ఉన్నవి పగడాలు అని చెప్తే, "పగడాలా? ఉంగరంల పెట్టుకునేటియా?" అంటూ ఇంకాస్త గట్టిగా కొట్టేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. మిర్యాలగూడలో మిల్లుల ఊకా, లారీల దుమ్మూ పీల్చుకుంటూ బతికే మనిషి ఇంట్లో మూడడుగుల సముద్రం పెట్టుకుంటే, దాన్ని పక్కింటి తలుపు తట్టినట్టు తట్టాలా?

నాది మోటార్ వైండింగ్ పని. కాలిపోయిన మోటార్లు విప్పి, మాడిన తీగ పీకేసి, కొత్త రాగి తీగ చుట్టి మళ్ళీ తిరిగేలా చేస్తాను. కాలవకు నీళ్ళు వదిలే ముందు రైతులు, ఏడాది పొడుగునా మిల్లులవాళ్ళు వస్తారు. ఒకసారి సూర్యాపేటలో ఒక పళ్ళ డాక్టరు పిలిపించాడు. ఆయన ఆసుపత్రి ముందుగదిలో సముద్రపు నీళ్ళ తొట్టి ఉంది, దాని పంపు ఆగిపోయింది. పంపు పది నిమిషాల పని. నేను మాత్రం సాయంత్రం దాకా అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను. పన్ను నొప్పితో వచ్చినవాళ్ళు నన్ను కూడా పేషెంటే అనుకున్నారు. ఆ తర్వాత ఏదో వంక పెట్టుకుని వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. డాక్టరు ఊరు మారుతున్నప్పుడు, "నీకున్న పిచ్చి నాకు లేదయ్యా, తీసుకుపో" అని తొట్టి మొత్తం నాకు ఇచ్చేశాడు.

అందులో ఉన్నవి మెత్తని పగడాలు. రాయిలా గట్టిగా ఉండవు, చేత్తో పట్టుకుంటే తడిసిన తోలులా ఉంటాయి. పెద్దది ఒకటి, అచ్చం పుట్టగొడుగు ఆకారం. కాడ, పైన గొడుగు, గొడుగు నిండా సన్నని వేళ్ళు. తొట్టి మీది దీపం వెలగగానే ఆ వేళ్ళన్నీ బయటికి వస్తాయి. దాని పక్కన చిన్నవి ఒక గుంపు. వాటికి కాడల చివర చేతులుంటాయి, అవి పొద్దంతా ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంటాయి, ఎందుకో ఎవరికీ తెలియదు. మా ఆవిడ ప్రైవేటు బడిలో టీచరు, మాటకు మాట అప్పజెప్పే మనిషి. "అందరు బర్రెలు పెంచుతరు, మేకలు పెంచుతరు. మీరేమో ఉప్పునీళ్ళు పెంచుతున్నరు" అనేది.

అప్పుడే మా సొంతూరు నడిగూడెంలో నాన్న పోయాడు. లివర్ చెడిపోయిందని సూర్యాపేట దవాఖానలో చెప్పారు. మందు ముట్టని మనిషికి లివర్ ఎందుకు చెడిందని అడిగితే ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు. దినాలు అయిపోయాక అమ్మను మా ఇంటికి తీసుకొచ్చాను. తెచ్చుకున్నవి నాలుగు చీరలు, ఒక రాగి బిందె, ఒక రాగి చెంబు.

ఆ బిందె సంగతి చెప్పాలి. పెళ్ళయిన నాటి నుంచీ అమ్మ రోజూ పొద్దుమూకగానే చింతపండు, ఉప్పు వేసి దాన్ని ఎర్రగా తోమి నీళ్ళు నింపి మూత పెట్టేది. పొద్దున లేవగానే ఆ నీళ్ళు ఒక చెంబెడు నాన్న చేతికి ఇచ్చేది. ఆయన గటగటా తాగేసి పొలం పోయేవాడు. రాగి నీళ్ళు ఒంటికి బలం, కడుపు శుభ్రం అని మా వైపు అందరికీ నమ్మకం. మా ఇంట్లో మేం మంచినీళ్ళ ప్లాంటు నుంచి క్యాన్ తెప్పించుకుంటాం. అమ్మ ఆ క్యాన్ వంక చూసి "గవి సచ్చిన నీళ్ళురా" అనేది. మా ఆవిడ నాలుగు రోజులు మొహమాటానికి రాగి నీళ్ళు తాగి మానేసింది. నేను అదీ చెయ్యలేదు. అమ్మ మాత్రం రోజూ బిందె తోమేది, నింపేది. పొద్దున చెంబు ముంచుకుని, ఎవరికివ్వాలో తెలియక కాసేపు నిలబడి, గేటు దగ్గర మందారం మొదట్లో పోసి వచ్చేది.

కొన్నాళ్ళకు అమ్మకు ఉలుకూ పలుకూ లేకుండా పోయింది. గోడ వైపు తిరిగి పడుకునేది. రెండు ముద్దలు తినిపించేసరికి తాతలు దిగొచ్చేవారు. డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, రోగం ఏమీ లేదు, ఏదో ఒక దాని మీద మనసు పడితే తప్ప ఈవిడ లేవదు, ఇట్లాగే ఉంటే ఎక్కువ రోజులు ఉండదు అని నా మొహం మీదే చెప్పాడు. 

అమ్మను లేపింది నేనూ కాదు, డాక్టరూ కాదు. ఆ చిన్న చేతుల గుంపు. ఒకరోజు మంచం మీద నుంచే అటు చూసి, "అవేందిరా, గట్ల పిడికిళ్ళు ముడుస్తున్నయి, ఇప్పుతున్నయి? సంటి పిల్లల లెక్క" అంది. అన్ని రోజుల తర్వాత తనంతట తాను అన్న మొదటి మాట. నేను చేతిలో పని వదిలేసి పక్కన కూర్చున్నాను. ఇవి మొక్కలు కావమ్మా, పురుగులూ కావు, సముద్రంలో బతికే జీవాలు అని నాకు తెలిసినంత చెప్పాను. మర్నాడు దీపం వెలిగే వేళకు అమ్మ తనే లేచి, మొహం కడుక్కుని, కుర్చీ లాక్కుని తొట్టి ముందు కూర్చుంది. పుట్టగొడుగు విచ్చుకునేదాకా చూసి, అక్కడే అన్నం తింది. మా ఆవిడ వంటింట్లోంచి నా వంక చూసింది. ఆ రోజు నుంచి ఉప్పునీళ్ళ మీద ఒక్క మాట అనలేదు.

అప్పటి నుంచి నాకు తొట్టి సరదా వస్తువు కాకుండా పోయింది. అది బతికితేనే అమ్మ లేస్తుంది. ఒక్క పుట్టగొడుగు మీద అంత బరువు పెట్టాలంటే నాకు భయం వేసింది. ఒకటి పోయినా ఇంకోటి ఉండేలా పిలకలు తీద్దామనుకున్నాను. మెత్తని పగడంలో సుఖం అదే, కోస్తే రెండవుతుంది.

కొత్త బ్లేడు తీసుకుని గొడుగు అంచు కోస్తుంటే అమ్మ కేకేసింది.

"బతికున్నదాన్ని కోస్తవారా? చేతులెట్ల ఆడుతున్నయి నీకు?"

"దానికేం గాదమ్మా. సూడు, నెల తిరిగేసరికి మల్ల గుండ్రంగ అయితది."

కోసిన ముక్కలకు జిగురు అంటదు, జారిపోతాయి. అందుకని ఒక్కో ముక్కను చిన్న రాయి మీద పెట్టి, పైన దోమతెర గుడ్డ కప్పి, రబ్బరు బ్యాండు వేశాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంతా చూసింది. కొన్ని వారాలకు ముక్కలు రాళ్ళను పట్టుకున్నాయి. వాటికీ కాడలొచ్చాయి, చిన్న చిన్న గొడుగులొచ్చాయి. అమ్మ సంబరం చూడాలి! పక్కింటావిడను పిలిచి, "తల్లిని కోస్తే పిల్లలైనయి సూడు" అని తనే కోసినంత గొప్పగా చెప్పింది. ఒక పిల్లను కోదాడలో మందుల షాపు నడిపే నా స్నేహితుడికి ఇచ్చాను. నా వల్లే అతనికీ ఈ పిచ్చి పట్టింది. అమ్మ దాన్ని అత్తారింటికి పంపినట్టు పంపింది.

ఒకసారి అమ్మ ఒరిగిపోయిన పిల్లను సరిచేద్దామని నీళ్ళలో చెయ్యి పెట్టబోతే గట్టిగా అరిచాను. "అండ్ల చెయ్యి పెట్టకు! నీకేం తెల్వదు!" నా నోరు అంతే, ముందు తూలుతుంది. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంది.

ఎండాకాలం వచ్చింది. ఆ ఎండల్లో పెద్ద పుట్టగొడుగు వేళ్ళన్నీ లోపలికి లాక్కుని, మైనం పూసినట్టు మెరుస్తూ ముడుచుకుపోయింది. ఈ జాతి అప్పుడప్పుడూ పొర విడుస్తుంది, వారమో పదిరోజులో అట్లాగే ఉండి మళ్ళీ విచ్చుకుంటుంది. ఆ మాటే అమ్మకు చెప్పాను. నమ్మలేదు. "మీ నాయిన గూడ గిట్లనే ముడుసుకున్నడు" అంది. ముద్ద మళ్ళీ తగ్గింది. నేను లోపల హడలిపోతూ పైకి ధీమాగా తిరిగాను. ఒక పొద్దున అది పొర వదిలేసి, మునుపటికన్నా వెడల్పుగా విచ్చుకుంది. అమ్మ మొహం వెలిగిపోయింది. "నేన్ జెప్పినా లేదా, లేస్తదని?" అన్నాను. అమ్మ నా వంక చూసి నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు సంతోషమే అనుకున్నాను.

వానలు మొదలయ్యాక చెడు మొదలైంది. ముందు చిన్న చేతులు నిదానించాయి, తర్వాత ఆగిపోయాయి. చూస్తుండగానే గుంపు మొత్తం చీమిడిలా కరిగి నీళ్ళలో కలిసిపోయింది. తర్వాత పుట్టగొడుగు తల వాల్చింది, అంచులు నల్లబడ్డాయి. నల్లబడ్డంత మేర కోసేసి, బాగున్న ముక్కలు వేరే రాళ్ళకు కట్టాను. అవీ కుళ్ళాయి. మళ్ళీ కోశాను. కోసిన ప్రతిసారీ బాగున్న భాగం ఇంకా త్వరగా పోయేది. ఉప్పు మార్చాను, నీళ్ళు మార్చాను, కరెంటువాళ్ళను తిట్టాను, దీపాన్ని తిట్టాను. తొట్టిలో ఆవిరైన నీళ్ళ బదులు రోజూ సాయంత్రం క్యాన్ నీళ్ళు కలుపుతాను. ఆ మధ్య కలపాల్సిన నీళ్ళు తగ్గాయని గమనించాను కూడా. వానాకాలం కదా, గాలిలో తేమ, అంతేలే అనుకున్నాను.

హైదరాబాదులో ఉప్పు అమ్మే షాపతనికి ఫోన్ చేసి ఏకరువు పెట్టాను. అంతా విని, "మీరేం పని చేస్తరు సార్?" అన్నాడు.

"మోటార్ వైండింగ్."

 "రాగి వీటికి పక్కా విషం సార్. జర్రంతున్నా చాలు. పరీక్ష చేసి సూడుండ్రి."

 మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకోకుండా నేనెప్పుడూ ఆ తొట్టి ముట్టలేదు. అయినా నా చేతులు చూసుకున్నాను. గోళ్ళ సందుల్లో, అరచేతి గీతల్లో ఎర్రటి పొడి, ఇన్నేళ్ళ పొడి, ఏ సబ్బుకు పోతుంది? పరీక్ష సామాను తెప్పించాను. నీళ్ళలో రాగి ఉందని తేలింది. భుజాల దాకా తొడుగులు కొన్నాను. తర్వాత తొట్టిలో చెయ్యి పెట్టడమే మానేసి అంతా మా ఆవిడతో చేయించాను. అయినా పరీక్ష చేసిన ప్రతిసారీ రంగు ముదిరేది. అన్నం పెట్టే చేతులు, వాటినే నరుక్కోవాలనిపించింది.

అమ్మ మళ్ళీ మంచం పట్టింది. "ఇయ్యాల ఇచ్చుకున్నదా?" అని గోడ వైపు తిరిగే అడిగేది. చివరి ముక్క కూడా కుళ్ళాక నేను కోదాడ బస్సెక్కాను.

స్నేహితుడి తొట్టిలో మా పిల్ల నా అరచేయంత అయింది. నా మొహం చూడగానే అతనికి సంగతి అర్థమైంది. "ఏంటన్నా ఇట్లా అయిపోయావ్? కూర్చో ముందు" అని, అడక్కముందే బ్లేడు తెచ్చాడు. "ఇది మీ ఇంటిదే కదన్నా. అమ్మగారి కోసమంటే కాదంటానా?" మంచి ముక్క కోసి, రాయికి కట్టి, సంచిలో గాలి నింపి ఇచ్చాడు. హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ దాకా ఆ సంచిని ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. తొట్టిలో నీళ్ళన్నీ అప్పటికే కొత్తవి పోసి ఉంచాను. కొద్దిరోజులకే ఆ ముక్క వేళ్ళు బయట పెట్టింది. అమ్మ లేచింది, మొహం కడుక్కుంది, పెరుగన్నం అడిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ వారంలోనే ఒక పొద్దున షాపుకు బయలుదేరి, కళ్ళద్దాలు మరిచిపోయి సగం దారిలోంచి వెనక్కి వచ్చాను. మా ఆవిడ బడికి వెళ్ళిపోయింది. తలుపు తీసే ఉంది. అమ్మ పీట మీద నిలబడి, చేతిలో రాగి చెంబుతో, తొట్టిలోకి సన్నని ధారగా నీళ్ళు పోస్తోంది.

"తాగు బిడ్డా. కోసిన పుండుకు బలం గావాలె గద. మొన్న ఎండలల్ల గిట్లనే పండుకుంటివి, గీ నీళ్ళకే లేస్తివి గద. నా కొడుక్కు నువ్వు పుట్టగొడుగువని తెలుసుగని నీ ఆకలి తెల్వది. లే, జర లే."

 అంతా ఒక్కసారి తెలిసిపోయింది. ఎండాకాలంలో అది దానంతటదే పొర వదిలి లేచింది, అమ్మేమో తన నీళ్ళకు లేచిందనుకుంది. అప్పటి నుంచి నేను కోసినప్పుడల్లా, గాయమైంది కదా అని ఇంకో చెంబు పోస్తూ వచ్చింది. నేను అరిచానని నాకు తెలియకుండా పోసింది. నేను బతికించాలని కోసేకొద్దీ అమ్మ బతికించాలని పోసింది. తొట్టిలో నీళ్ళు ఆవిరవుతాయి గానీ రాగి ఆవిరి కాదు. కళ్ళద్దాలు తీసుకోకుండానే వెనక్కి వెళ్ళిపోయాను. ఆ రోజు షాపులో ఒక్క తీగ కూడా చుట్టలేదు.

సాయంత్రం మా ఆవిడను బయటికి పిలిచి చెప్పాను. గేటు పట్టుకుని అట్లాగే నిలబడింది. "చెప్పకుండ్రి. అత్తమ్మకు ఇది తెలిస్తే ఖతం" అంది. పిల్లి వస్తోందని అబద్ధం చెప్పి తొట్టి మీద గాజు మూత బిగించాను. అమ్మ ఆ మూతను చూసింది. కానీ అప్పటికే ఆలస్యమైంది. అన్నాళ్ళూ రాళ్ళు పీల్చుకున్న రాగి కొత్త నీళ్ళలోకి దిగుతూనే ఉంది. కోదాడ ముక్క కూడా నల్లబడింది.

ఇక లాభం లేదని ఒక ఆదివారం తొట్టి ఖాళీ చేస్తుంటే అమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"ఎట్ల సచ్చినయిరా అన్నీ? నేనే సరిగ సూసుకోలేదేమొ."

ఏం చెప్పాలో మా ఆవిడ ముందే నేర్పింది. కరెంటు పోయింది, పంపు ఆగింది, అంతే చెప్పమంది. కానీ అమ్మ ఆ మాట అనేసరికి తప్పంతా నా మీద వేసుకోవాలనిపించింది. నెలల తరబడి నన్ను తిన్న మాటే నోట్లోంచి ఊడిపడింది.

"నువ్వు గాదమ్మా. నా చేతులే. పొద్దంత రాగి తీగ పట్టుకునే చేతులు గద. రాగి వాటికి విషమంట."

అనేశాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. మా ఆవిడ చేతిలో బకెట్ కింద పెట్టేసింది. అమ్మ చూపు నా చేతుల మీద నుంచి మెల్లగా వంటింటి మూలకు పోయింది. బిందె అక్కడే ఉంది, ఎర్రగా తోమి.

"తీగెల రాగేనా? ఏ రాగైనానా?"

"తీగెదేనమ్మా" అన్నాను. 

అమ్మ బిందె మీద నుంచి చూపు తిప్పలేదు. తర్వాత, నన్ను కాదు, ఎవరినో అడుగుతున్నట్టు అంది. "మీ నాయినకు గూడ నేనే పోసిన గదరా. పెండ్లయిన కాంచి రోజు."

నేను గభాలున లేచాను. మనుషులకు ఏం కాదమ్మా, ఊళ్ళకు ఊళ్ళు తాగుతున్నాయి, అది ఒట్టి పుట్టగొడుగు, మనిషి కాదు అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. నాన్నకు వచ్చింది వేరే రోగం అన్నాను. "ఏం రోగం?" అంది. దవాఖానవాళ్ళు చెప్పనిది నేనెక్కడ చెప్పను? ఉరికి వెళ్ళి బిందెలో చెంబు ముంచి అమ్మ ముందే ఎత్తి తాగాను. "సూడు, నాకేమన్న అయిందా?" అమ్మ మంచం దిగి వచ్చి చెంబు మీద ఒక్క దెబ్బ కొట్టింది. అది గోడకు తగిలి సొట్టపడి దొర్లింది. "నువ్వు గూడనా!" అని అరిచింది. నాన్న పోయినప్పుడు కూడా అమ్మ అంత గట్టిగా ఏడవలేదు.

ఇప్పుడు బిందె అటక మీద ఉంది. తొట్టి పెరట్లో బోర్లించి ఉంది.

మొన్న కోదాడ నుంచి స్నేహితుడు వచ్చాడు. ఎండలో పడి వచ్చాడు, చేతిలో సంచి, సంచిలో మళ్ళీ ఒక పిల్ల. "కొత్త రాళ్ళతో మొదటి నుంచి పెడదాం అన్నా" అన్నాడు.  అమ్మ క్యాన్ పక్కనే కూర్చుని ఉంది. అతను సంచి బల్ల మీద పెట్టి, చొక్కాతో మొహం తుడుచుకుని, "అమ్మా, కాసిని మంచినీళ్ళివ్వండి" అన్నాడు.

ఇంటికొచ్చినవాళ్ళు అడక్కముందే నీళ్ళు పెట్టిన మనిషి మా అమ్మ. గ్లాసు చేతికందే దూరంలోనే ఉంది. అమ్మ రెండు చేతులూ కొంగు కిందికి లాక్కుని లోపలున్న మా ఆవిడకు కేకేసింది.

"బిడ్డా, నువ్వు రా. నీళ్ళు నువ్వియ్యి."